సత్తెమ్మ బావిలో సున్నా

సీమోను చేసే పనేమిటో చెబితే నవ్వనివాళ్లు తక్కువ. బావుల్లో దోమపిల్లల్ని లెక్కపెట్టడం. దానికి సర్కారు జీతం కూడా ఇస్తుందా అని అడిగేవాళ్లతో ఆయన వాదన పెట్టుకునేవాడు కాదు. "ఇస్తది" అని ముందుకు నడిచేవాడు.

1976లో పాతబస్తీకి చలిజ్వరం మళ్లీ వచ్చింది. పోయిందనుకున్న జబ్బు పోలేదని తేలాక మలేరియా శాఖ వాళ్లు గల్లీ గల్లీకీ మనుషుల్ని పంపారు. అప్పటికి ఇరవై రెండేళ్లుగా అదే కొలువులో ఉన్న సీమోనును జూన్ నెలలో కార్వాన్ పేటకు వేశారు. ఖాకీ చొక్కా, భుజాన గుడ్డసంచీ, సంచీలో తాడు కట్టిన తెల్లటి ఎనామిల్ గిన్నె, ఒక నోటుబుక్కు, సుద్దముక్క. ఇవే ఆయన పనిముట్లు.

పని చూడ్డానికి సులువు, చేయడానికి కాదు. గిన్నెను చప్పుడు కాకుండా బావిలోకి దించి, నీటి పైపొరను ముంచి పైకి లాగాలి. గిన్నె తెల్లగా ఎందుకుంటుందంటే నల్లటి పురుగు దాంట్లో ఇట్టే కనిపిస్తుంది గనుక. నీటిమీద అడ్డంగా పడుకున్నవి చలిజ్వరం దోమ పిల్లలు. తలకిందులుగా వేలాడేవి మామూలు దోమవి. ఒక్కో బావిలో పదిసార్లు ముంచాలి. తొమ్మిది కాదు, పదకొండూ కాదు. ఎన్ని దొరికితే అన్ని నోటుబుక్కులో రాసి, ఇంటి గోడమీద సుద్దతో తేదీ వేసి రావాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారం వారం వెళ్లాలి. కార్వాన్‌లో బావులున్న ఇళ్ల వంతు గురువారం.

రోజుకు నలభై ఇళ్ల తలుపు కొట్టే మనిషికి ఒంటరితనమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. ఓసారి కొట్టి చూస్తే తెలుస్తుంది. లోపలినుంచి "ఎవరూ?" అని వినిపిస్తుంది. "దోమలాయన" అని ఇంకో గొంతు జవాబిస్తుంది. ఆడవాళ్లు పరదా చాటుకు వెళతారు, పిల్లలు గిన్నెను చూస్తారు, మొగవాళ్లు గడియారం చూస్తారు. సీమోనును చూసేవాళ్లు ఉండరు. సాయంత్రం యాకుత్‌పురా స్టేషను పక్కనున్న ఒంటిగదికి తిరిగి వచ్చి, పొద్దున వండిన అన్నమే తిని, వచ్చేపోయే రైళ్ల చప్పుడు వింటూ కూర్చునేవాడు. భార్య లీలమ్మ పోయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. ఆదివారం చర్చిలో "బాగున్నవా సీమోనూ" అని పలకరించేవాళ్లు ఉన్నారు గానీ, జవాబు వినేదాకా ఆగేవాళ్లు లేరు. ఆయనకు మనిషి కావాలి. యాభై ఏళ్ల వయసులో ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు?

కార్వాన్‌లో మొదటి గురువారం ఆయన రుక్మాబాయి ఇంటికి వెళ్లాడు. ఆమె బావిని చూస్తే ఎవరైనా దండం పెడతారు. గోడకు ఏటా సున్నం, సున్నం మీద ఎర్రమన్ను చారలు, గట్టుమీద పసుపు బొట్లు. చెప్పులతో దగ్గరికి పోనివ్వదు. ఆ చుట్టుపక్కల నాలుగిళ్లవాళ్లు తాగేది ఆ నీళ్లే. సీమోను చెప్పులు విప్పి పదిసార్లు ముంచాడు. ముప్పై ఒక్క పురుగులు. అన్నీ అడ్డంగా పడుకున్నవే.

"నా బావిలనా? పొద్దున లేస్తె మొక్కే బావి నాది. నువ్వే సంచిలకెళ్లి తెచ్చి ఏసినవేమో" అంది రుక్మాబాయి.

పైన పటారం, లోన లొటారం అని ఆమె ముఖం మీద ఎవరంటారు? సీమోను తేదీ వేసి పక్క ఇంటికి నడిచాడు.

పక్క ఇల్లు సత్తెమ్మది. అరవై దాటిన మనిషి, భర్త లేడు, మూడు బర్రెలు, ఒక కొడుకు. కొడుకు కొండల్ తెల్లవారకముందే పాలక్యాన్లు సైకిలుకు కట్టుకుని హోటళ్లకు వెళితే మధ్యాహ్నానికి గానీ రాడు. సత్తెమ్మ పొద్దున్నే కొడవలి పట్టుకుని లంగర్‌హౌజ్ చెరువు అంచుకు వెళ్లి, మోకాలిలోతు నీళ్లలో పెరిగే పచ్చగడ్డి కోసి మోపు నెత్తిన పెట్టుకుని వస్తుంది. గడ్డి వేళ్లకు బురద ఉంటుంది గనుక బావిగట్టు మీదే కడుగుతుంది. గట్టు ఓ పక్క విరిగిపోయింది. కడిగిన నీళ్లలో సగం కాలువలోకి, సగం బావిలోకి పోతాయి. బావిలో నాచు, గడ్డిపోచలు, అంచు రాళ్లకు పాకుడు. ఇలాంటి బావిలో వంద పురుగులున్నా ఆశ్చర్యం లేదని సీమోను గిన్నె దించాడు.

పదిసార్లు ముంచాడు. సున్నా. చేయి అదిరిందేమోనని మళ్లీ పదిసార్లు ముంచాడు. మళ్లీ సున్నా.

"బావిల మందు గిట్ల పోసినవా అక్కా?" అని అడిగాడు.

"బర్రెలు తాగే నీళ్లల్ల మందెవలు పోస్తరు తమ్మీ? ఏంది, పురుగుల్లేవని ఫికర్ జేస్తున్నవా?" అని నవ్వి, ఆయన ముఖం చూసి, "తిన్నవా?" అంది.

లీలమ్మ పోయినప్పటినుంచి ఆ మాట తననెవరూ అడగలేదని సీమోనుకు అప్పుడే గుర్తొచ్చింది. "తిన్న" అని అబద్ధమాడాడు. సత్తెమ్మ నమ్మినట్టు లేదు. పెద్ద చెంబునిండా సల్ల తెచ్చి చేతికిచ్చింది. ఉప్పు వేసిన ఆ మజ్జిగను ఆయన నిలబడే తాగాడు. కూర్చో అనేసరికి కూర్చున్నాడు.

రెండో గురువారం రుక్మాబాయి బావిలో ఇరవై ఆరు, సత్తెమ్మ బావిలో సున్నా. మూడో గురువారమూ అంతే. ఆ శనివారం ఆఫీసులో ఇన్‌స్పెక్టరు రామ్‌చందర్ ఆయన నోటుబుక్కు తెరిచి రెండు అంకెల మీదా వేలు పెట్టాడు. రామ్‌చందర్ చెడ్డవాడు కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. పై ఆఫీసులో అలాంటివాళ్లకు కొదవేముంది?

"అద్దమసొంటి బావిల ముప్పై, మురికి బావిల సున్నా. నేను సూసిన ఆ బావిని. గడ్డి కడగొద్దని ఆమెను కోపం గూడ జేసిన. నువు గిన్నె ముంచకుంటనే రాస్తున్నవు సీమోనూ."

"ముంచిన సార్. పది కాదు, ఇరవై సార్లు ముంచిన."

"సరే తీ. ఆరు వారాలు సున్నా వస్తే ఆ బావి ఎట్లాగూ నెలవారీ పట్టీలకు పోతది. గప్పుడు నేనే వేరేటోణ్ని పంపి సూపిస్త."

సీమోను నోటుబుక్కు తీసుకుని బయటికి వచ్చాడు. ఇరవై రెండేళ్లలో ఆయన దొంగ అంకె ఒక్కటి రాయలేదు. జ్వరంతో వణుకుతూ కూడా పదిసార్లు ముంచినవాడు. ఆ ఒక్కటీ తప్ప తనదని చెప్పుకోవడానికి ఆయనకు వేరే ఏమీ లేదు. ఇప్పుడు దాన్నీ కాదన్నారు.

అందుకే పట్టుదల వచ్చింది. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఈ ఒక్క బావి ఎందుకు ఇలా ఉంది? తెలుసుకోవాలి. గురువారమే కాకుండా పని అయిపోయాక మధ్యలో ఒకటి రెండు సాయంత్రాలు కూడా కార్వాన్ వెళ్లడం మొదలుపెట్టాడు. నీకెందుకయ్యా ఈ కంచి గరుడసేవ అని తోటివాళ్లు నవ్వారు.

మొదటి ఊహ ఆయనదే. "బర్రెల వాసనకు దోమ నీ బావి దిక్కు రాదనుకుంట అక్కా."

సత్తెమ్మ పాలు పిండుతూనే అంది: "వాసనకు రాకపోతే రాత్రంత నా కొట్టంల గుయ్యిమని బర్రెలను పీక్కతినేటివి ఏంది తమ్మీ? ఈగలా?"

ఆ ఊహ అక్కడే చచ్చిపోయింది. సీమోనుకు కోపం రాలేదు సరికదా సంతోషమేసింది. తన మాట విని, ఆలోచించి, కాదని చెప్పే మనిషి దొరకడం చిన్న విషయమా? ఆ రోజు నోటుబుక్కు వెనక పేజీలో 'వాసన' అని రాసి కొట్టేశాడు.

రెండో ఊహ నీటి గురించి. ఈ బావి నీళ్లలోనే పురుగును చంపే ఉప్పో, చేదో ఉందేమో. దాన్ని నోటితో తేల్చుకోలేం. చేసి చూడాలి. ఆయన ఒకే తీరు గాజుసీసాలు రెండు తెచ్చాడు. ఒకదానిలో సత్తెమ్మ బావి నీళ్లు, రెండో దానిలో రుక్మాబాయి బావి నీళ్లు, ఒకే ఎత్తుకు పోశాడు. రుక్మాబాయి బావిలో పట్టిన పురుగులు దీంట్లో పది, దాంట్లో పది వేశాడు. రెండింటి మూతికీ పల్చటి గుడ్డ కట్టి కొట్టం గోడమీద పక్కపక్కన పెట్టాడు.

"ఒకటి నీడకు పెట్టరాదు, ఎండ తగుల్తది" అంది సత్తెమ్మ.

"పెడితె రెండు గూడ నీడకే పెట్టాలె అక్కా. ఒకటి ఎండకు, ఒకటి నీడకు పెడితె, పురుగు సచ్చింది నీళ్లకా ఎండకా అన్నది మనకు ఎట్ల తెలుస్తది? నీళ్లొక్కటే వేరుండాలె. కడమయన్నీ ఒక్క తీరే ఉండాలె."

సత్తెమ్మ పాల చేతుల్ని కొంగుకు తుడుచుకుని ఆ మాట కాసేపు ఆలోచించింది. "నిజమే. దాణా, గడ్డి ఒక్కసారే మారిస్తె బర్రె దేనికి పాలు తక్కువిచ్చిందో తెల్వదు" అంది. బడి మొహం చూడని మనిషి, అరవై ఏళ్లు బర్రెల మధ్య బతికి ఆ పాఠం తనంతట తాను నేర్చుకుంది. సీమోను చేసిందల్లా దానికి రెండు సీసాలు తేవడమే.

ఆ సీసాలను ఆమె పది రోజులు పసిపిల్లల్లా చూసుకుంది. కాకులు దొర్లించకుండా రాయి అడ్డంపెట్టింది. చివరికి సత్తెమ్మ నీళ్లలో పదికి తొమ్మిది, రుక్మాబాయి నీళ్లలో పదికి ఎనిమిది రెక్కలొచ్చిన దోమలై గుడ్డకింద తిరిగాయి. అంటే నీళ్లలో ఏ దోషమూ లేదు. సత్తెమ్మ నీళ్లలోనూ పురుగు హాయిగా పెరుగుతుంది. సీసాలో పెరిగింది బావిలో ఎందుకు పెరగదు? బావిలో ఉండి, సీసాలోకి రానిది ఏదో ఉండాలి.

అది ఐదో గురువారం. గిన్నె ముంచి చూస్తే మళ్లీ సున్నా. గిన్నె పక్కన పెట్టేసి ఆయన బావి విరిగిన గట్టుమీద కదలకుండా కూర్చున్నాడు. వానలకు బావి నిండుగా ఉంది, నీరు చేతికి అందేంత పైన. తన నీడ నీటిమీద పడకుండా చూసుకున్నాడు. పక్కనే సత్తెమ్మ కూడా చప్పుడు చేయకుండా కూర్చుంది. ఆ అరగంట కూర్చున్నంత నిమ్మళంగా సీమోను తన జీవితంలో ఎవరి పక్కనా కూర్చోలేదు, లీలమ్మ పక్కన తప్ప.

అప్పుడు రాళ్ల సందులోంచి ఒక వెండి చుక్క పైకి వచ్చింది. చుక్క కింద వేలెడంత సన్నటి చేప. దాని వెనక ఇంకొకటి, ఇంకో నాలుగు. ఒక్కో చేప నెత్తిమీదా ఒక్కో చుక్క. సీమోను రుక్మాబాయి బావిలో పట్టి తెచ్చిన పురుగుల్ని మెల్లగా నీటిమీద వదిలాడు. చేపలు పైకే చూస్తూ వచ్చి టక్కు టక్కుమని మింగేశాయి. సత్తెమ్మ చేయెత్తగానే అన్నీ రాళ్లలోకి మాయమయ్యాయి. ఇన్నాళ్లూ గిన్నె నీడ పడగానే అవి దాక్కున్నాయన్న మాట.

అయినా సీమోను అక్కడితో ఒప్పుకోలేదు. గుడ్డతో రెండు చేపల్ని పట్టి ఒక సీసాలో వేశాడు, రెండో సీసాలో వేయలేదు. రెండింటిలోనూ అవే నీళ్లు, పదేసి పురుగులు. తెల్లారి చూస్తే చేపలున్న సీసాలో ఒక్క పురుగు లేదు. లేని సీసాలో పదీ ఉన్నాయి.

చేపలు బావిలోకి ఎక్కణ్నుంచి వచ్చాయి? ఆ ముడి విప్పింది సత్తెమ్మే. ఆ పై వారం గడ్డి కడుగుతూ ఒక వేరు పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టింది. వేరుకు ఆవగింజకన్నా చిన్నవి, అద్దంలాంటి గుడ్లు అంటుకుని ఉన్నాయి. ఆ వేరును నీళ్లసీసాలో పెడితే పన్నెండో రోజుకు కనుగుడ్లు తప్ప ఏమీ కనబడని చేపపిల్లలు బయటికి వచ్చాయి. చెరువులో చేప గడ్డివేళ్లకు గుడ్లు పెడుతుంది. గడ్డిని సత్తెమ్మ తెస్తుంది. కడిగిన నీళ్లతో గుడ్లు బావిలో పడతాయి. నాచులో పురుగు, పురుగును తినే చేప, చేప దాక్కోవడానికి పాకుడు రాళ్లు. ఎవరూ పెట్టకుండానే ఆ మురికి బావిలో ఒక చెరువు కాపురం పెట్టింది. రుక్మాబాయి బావిలో దోమ తప్ప వేరే ప్రాణి లేదు. దోమను తినేవాళ్లు లేని చోట దోమదే రాజ్యం. ఇన్‌స్పెక్టరు ఏ గడ్డి కడగొద్దన్నాడో ఆ గడ్డే బావిని కాపాడింది.

"ఆమె బావిల గూడ నాలుగు ఎయ్యరాదు తమ్మీ" అంది సత్తెమ్మ. ఆ మాటే సీమోనుకూ తోచింది. ఒక్క బావి సాక్ష్యం చాలదు, రెండో బావిలోనూ అదే జరిగితేనే నమ్మొచ్చు. కానీ రుక్మాబాయి చేప అన్న మాట వినగానే తలుపు వేసుకుంది.

ఇంత కనుక్కున్న మనిషి ఏం చేయాలి? పరుగున వెళ్లి ఇన్‌స్పెక్టరుకు చెప్పాలి. సీమోను చెప్పలేదు. వేరు తెచ్చి చూపడానికి ముందే, చేపల్ని చూసిన మరుసటి గురువారమే, ఆయన కాలు తడబడింది.

అది ఆరో గురువారం. గిన్నె పదిసార్లు ముంచాడు, సున్నా. నోటుబుక్కు తెరిచి పెన్సిలు పట్టుకున్నాడు. ఈ ఒక్క సున్నా రాస్తే ఆరు వారాలు పూర్తవుతాయి. బావి నెలవారీ పట్టీలోకి పోతుంది. నెలకొకసారి వేరేవాడెవడో వస్తాడు. తనకు ఈ గడప తొక్కే పని ఉండదు. లోపల సత్తెమ్మ చెంబు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, తన కోసమే. గురువారం లేని వారం ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు. నాలుగేళ్లు అలాంటి వారాలే బతికాడు.

మూడు అని రాశాడు.

రాసిన అంకె చిన్నది. మూడు పురుగులకు ఎవరూ ఏమీ చేయరు, వారం వారం చూడమంటారు, అంతే కదా అనుకున్నాడు. తరువాతి గురువారం రెండు అని రాశాడు. ఆ పై గురువారం నాలుగు. ఆ మూడు వారాలు ఆయన సుఖంగా ఉన్నాడు, అది దాచడమెందుకు? సీసాలో చేపపిల్లలు పుట్టిన సంబరం ఆ రోజుల్లోదే. సత్తెమ్మ ఓ పూట జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. కొండల్ కూడా "సీమోను మామా" అని పిలవడం మొదలుపెట్టాడు. సీమోను చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లేవాడు. చేపల సంగతి ఆఫీసులో చెబుదామని రోజూ అనుకునేవాడు. చెబితే తన మూడు, రెండు, నాలుగు ఎక్కడివని అడుగుతారు. అందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితిలో పడింది.

నాలుగో వారం, గురువారం పొద్దున, ఆఫీసులో పనుల పుస్తకం చూస్తుంటే మంగళవారం కింద రాసిన ఒక వరస మీద ఆయన చూపు ఆగిపోయింది. కార్వాన్, సత్తెమ్మ, పశువుల బావి, నూనె పోయడమైనది.

పురుగుకు ఊపిరాడకుండా చేసే ఆ నూనెను తాగే బావిలో పోయకూడదు. అందుకే ముప్పై పురుగులున్నా రుక్మాబాయి బావికి ఆ బెడద లేదు. పశువుల బావికి అలాంటి అడ్డు లేదు. మూడు వారాలు వరసగా పురుగులు కనిపించేసరికి, ఆ బావి మీద ముందునుంచీ కన్నేసిన రామ్‌చందర్ తన అనుమానం నిజమైందని సంతకం పెట్టేశాడు. సీమోను వేరే పేటలో ఉన్నప్పుడు నూనె డబ్బాల మనుషులు వచ్చి పని ముగించి వెళ్లారు. ఈ నియమం ఆయనకు తెలియనిది కాదు. ఇరవై రెండేళ్ల నౌకరీ. తెలిసి కూడా, తన అంకె కాగితం మీదే ఉండిపోతుందనుకున్నాడు.

ఆయన నేరుగా ఇన్‌స్పెక్టరు బల్ల ముందుకు వెళ్లి నోటుబుక్కు తెరిచాడు. మూడు, రెండు, నాలుగు మీద గీత కొట్టి పక్కన సున్నాలు వేసి, ఒక్కోదాని కిందా సంతకం పెట్టాడు.

"ఇవి దొంగ అంకెలు సార్. నేనే రాసిన. ఆ బావిల పురుగుల్లేకుండె. పురుగులను తినే చాపలుండె."

రామ్‌చందర్ ఆ పేజీని తన వైపు తిప్పుకున్నాడు. "ఎందుకు రాసినవయ్యా? ఎవలన్న ఏమన్న ఇచ్చిండ్రా?"

"లేదు సార్."

"మరెందుకు?"

సీమోను సీసాల లెక్క చెప్పబోయాడు. చేపల సంగతి రామ్‌చందర్ వినలేదు. దొంగ అంకెలు రాసినవాడి చేపల్ని ఎవరు నమ్ముతారు? నిజం కనుక్కున్న నోటుబుక్కులోనే అబద్ధం కూడా ఉంటే రెండూ ఒకే ధర పలుకుతాయి. సోమవారం నుంచి నిన్ను ముషీరాబాదు వైపు వేస్తున్నానని మాత్రం చెప్పాడు.

సీమోను కార్వాన్ చేరేసరికి ఎండ ఎక్కింది. చొక్కాకు ఇస్త్రీ లేదు. సత్తెమ్మ వాకిట్లో గడ్డిమోపు విప్పకుండా పడి ఉంది. బావి నీటిమీద నల్లటి, నీలి రంగుల పొర. పైకి వచ్చి గాలి పీల్చుకోబోయిన చేపలు ఆ పొర కింద ఊపిరాడక చచ్చి తేలాయి. నెత్తిమీది చుక్క ఒక్కటీ మెరవడం లేదు. కొండల్ గడ్డి చుట్టతో నూనెపొరను అంచుకు లాగుతూ బకెట్లతో తోడి కాలువలో పోస్తున్నాడు. బర్రెలు ఆ నీళ్లు ముట్టకపోవడంతో రెండు రోజులుగా తల్లీకొడుకులు గల్లీ చివర సర్కారు నల్లా దగ్గర వరసలో నిలబడి బిందెలతో మోస్తున్నారు. మూడు బర్రెలు రోజుకు ఎన్ని బిందెలు తాగుతాయో మోసినవాళ్లకే తెలుసు.

సత్తెమ్మ ఆయన్ను చూసి లేచింది. "తమ్మీ, జర నువ్వన్న సెప్పు మీ సారుకు. ఎవడో మన బావిల పురుగులున్నయని రాసిండంట. నేను గాళ్లతోటి లొల్లి వెట్టుకున్న. మా సీమోను వారం వారం సూస్తడు, ఒక్క పురుగు గూడ లేదంటడు, ఆగుండ్రి, ఆయన్ను అడుగుండ్రి అన్న. ఇనలేదు."

సీమోను సంచీ కింద పెట్టాడు. "రాసింది నేనే అక్కా."

కొండల్ చేతిలో బకెట్ ఆగింది.

"పురుగుల్లేవు. ఉన్నయని రాసిన. ఆరు సున్నాలు పడితె నా డ్యూటీ ఈడికెళ్లి పోతది. మళ్ల మళ్ల రానీకి రాసిన. నూనె పోస్తరని అనుకోలే."

కొండల్ ఒక్క అంగలో ముందుకు వచ్చాడు. సత్తెమ్మ చేయి అడ్డం పెట్టింది. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని సీమోను అనుకున్నాడు. ఆమె ఆయన ముఖంలోకి, మొదటి రోజు తిన్నవా అని అడిగినప్పటిలాగే, పరీక్షగా చూసింది.

"రానీకి పురుగులెందుకు తమ్మీ?" అంది. "వట్టిగ వస్తె వద్దంటుంటినా?"

సీమోను చొక్కా చేతులు పైకి మడిచి, కొండల్ పక్కన నిలబడి, పొద్దు గుంకేదాకా నూనె తోడాడు. చివరి బకెట్ పోశాక చేతులు మట్టితో రుద్దుకుని సంచీ తీసుకున్నాడు. సత్తెమ్మ అప్పటికి గడ్డిమోపు విప్పి, విరిగిన గట్టుమీదే కూర్చుని, వేళ్లను బావిలోకి జాడిస్తూ కడుగుతోంది. తల ఎత్తలేదు. పో అనీ అనలేదు.

సీమోను ఇంకా ఎనిమిదేళ్లు నౌకరీ చేసి 1984లో రిటైరయ్యాడు. ముషీరాబాదులో ఏ బావిలో సున్నా వచ్చినా గిన్నె పక్కన పెట్టి, నీడ పడకుండా కూర్చుని చూసేవాడు. మళ్లీ ఎన్నడూ దొంగ అంకె రాయలేదు. రిటైరయ్యాక గురువారాలన్నీ ఆయనవే. యాకుత్‌పురాలో బయలుదేరి నయాపూల్ దాకా నడిచి, కార్వాన్ పోయే బస్సు ఆగేచోట నిలబడేవాడు. ఏమని చెప్పి వెళ్లాలి? బావి చూడ్డానికి వచ్చిన అనాలా? చేపలొచ్చినయా అని అడగాలా? వట్టిగా రమ్మన్న మనిషి ఇంటికి వెళ్లడానికి ఆయన అక్కడ నిలబడి ఒక కారణం వెతుక్కునేవాడు. కారణం దొరికేలోపు బస్సు వెళ్లిపోయేది, ఆయన ఇంటిదారి పట్టేవాడు.